కమానుతో వాయించే డబుల్ బేస్‌కు గట్ తీగలు: లెక్క కింది తీగ నుంచి రావాలి

డబుల్ బేస్‌కు (వయొలిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్ద వాద్యం) గట్ తీగలు, అంటే పేగుతో చేసిన తీగలు, ఎక్కిద్దామని అడిగేవాళ్లకు దొరికే సలహాల్లో చాలా భాగం మీటి వాయించేవాళ్లు ఇచ్చినవే. జాజ్‌లో, రాకబిల్లీలో వేలితో లాగి వదిలేవాళ్లకు జి తీగ (హెచ్చు స్వరం నుంచి తగ్గు స్వరానికి జి, డి, ఎ, ఇ అని నాలుగు తీగలుంటాయి) లావుగా ఉండాలి, వదలగానే ధబ్‌మని పడాలి, వెంటనే అణిగిపోవాలి. వాళ్లకు గట్ అంటే పై రెండు తీగలే, కింద ఏది ఉన్నా నడిచిపోతుంది. ఆ సలహా పట్టుకుని కమానుతో వాయించేవాళ్లు తీగలు కొంటే జి మీద బ్రహ్మాండంగా ఉంటుంది, డి మీద బాగానే ఉంటుంది, ఎ దగ్గరకొచ్చేసరికి తడబాటు మొదలవుతుంది, ఇక ఇ తీగ మీద కమాను పెట్టి లాగితే ముందు గరగర, తర్వాత కాస్త గాలి, ఆ తర్వాతెప్పుడో స్వరం. అప్పుడు గట్‌దే తప్పనుకుని మళ్లీ స్టీలుకు వెళ్లిపోతారు. తప్పు గట్‌ది కాదు, ఎంపిక పైనుంచి మొదలుపెట్టడంలో ఉంది. కమాను కోసం ఎంచుకునేటప్పుడు ముందు ఇ తీగ ఎలా పలకాలో తేల్చుకుని, దానికి తగ్గట్టు ఎ, ఆ ఎకి తగ్గట్టు డి, చివరికి జి అనే వరసలో రావాలి.

ఎందుకో తెలియాలంటే కమాను తీగను ఏం చేస్తుందో కాస్త చూడాలి. రోజిన్ (చెట్టు బంక) పట్టిన కమాను వెంట్రుకలు తీగను అంటిపెట్టుకుని పక్కకు లాక్కుపోతాయి, ఒక హద్దు దాటాక తీగ జారి వెనక్కి ఎగురుతుంది, మళ్లీ అంటుకుంటుంది. ఈ అంటుకోవడం, జారడం ఒక్కో కంపనానికి కచ్చితంగా ఒక్కసారి జరిగితేనే నిండైన నాదం. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ గమనించిన కదలిక ఇదే. సి.వి. రామన్ 1918లో దీనికి లెక్కలు కట్టారు (ఆయన నోబెల్ కాంతి మీద పనికి వచ్చింది కాబట్టి ఈ వయొలిన్ లెక్కలు జనానికి అంతగా గుర్తులేవు). 1973లో షెల్లెంగ్ అనే శాస్త్రవేత్త, కమాను ఒత్తిడికి పైనా కిందా రెండు హద్దులుంటాయని చూపించాడు. కింది హద్దు కంటే తక్కువ నొక్కితే పైపైన ఈల లాంటి శబ్దం, పై హద్దు దాటితే గరగర. గట్ విషయంలో గుర్తుంచుకోవాల్సిందల్లా ఒక్కటే. తీగ పొడవు, శ్రుతి మారనప్పుడు ఆ పై హద్దు తీగ టెన్షన్‌తో (బిగితో) పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. గట్ టెన్షన్ తక్కువ. అంటే స్టీలు మీద అలవాటైన చేతి బరువు గట్‌కు ఎక్కువైపోతుంది.

ఎంత తక్కువ? మామూలు త్రీ క్వార్టర్ సైజు బేస్‌లో నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (కింద తీగల్ని ఎత్తి పట్టే చెక్క) దాకా తీగ 105 సెం.మీ. ఉందనుకుందాం. జి తీగ 98 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 98 కంపనాలతో, మోగాలి. గట్ సాంద్రత నీటికంటే 1.3 రెట్లు ఉంటుంది, స్టీలుది దాదాపు 7.8 రెట్లు. 2.2 మి.మీ. మందం ఉన్న వట్టి (పైన లోహం చుట్టని) గట్ తీగను ఆ శ్రుతికి బిగిస్తే టెన్షన్ సుమారు 21 కిలోలు వస్తుంది. ఆర్కెస్ట్రాకు వాడే స్టీలు జి తీగ మీద 28, 29 కిలోలు ఉండటం మామూలే. అంటే కమాను ఒత్తిడికి ఉన్న పై హద్దు పావు వంతుకు పైగానే పడిపోయింది. మందం కొంచెం పెంచితే సరిపోదా అంటే, టెన్షన్ మందం వర్గంతో పెరుగుతుంది. 2.2 నుంచి 2.4 మి.మీ.కి వెళ్తే చాలు, 21 కిలోలు కాస్తా 25 అవుతుంది. తయారీదారుల పట్టికల్లో మిల్లీమీటరులో పదో వంతు తేడాలు చూసి ఇదేం పిసినారి లెక్క అనిపిస్తుంది గానీ, చేతికి ఆ తేడా బాగానే తెలుస్తుంది.

అదే 21 కిలోల దగ్గర మిగతా తీగలను కూడా వట్టి గట్‌తోనే చేస్తే డి తీగ 2.9 మి.మీ., ఎ తీగ 3.9 మి.మీ. అవుతాయి. ఇ తీగ 5.2 మి.మీ.! అర సెంటీమీటరు దాటిన పేగు తాడు అది. ఇంత లావైతే తీగ తీగలా కాక కడ్డీలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది, వంగడానికి మొరాయిస్తుంది, దాని పైస్వరాలు (అసలు స్వరంతో పాటు మోగే సన్నటి స్వరాలు) ఉండాల్సిన చోట ఉండకుండా కొద్దికొద్దిగా పైకి జరిగిపోతాయి. మీటితే ఆ లోపం అంతగా తెలియదు. కమాను మాత్రం ప్రతి కంపనంలోనూ ఆ పైస్వరాలన్నీ వరసలో ఉండాలని పట్టుబడుతుంది. దీనికి తోడు ఇంకో చిక్కుంది. ఇ తీగ 41 హెర్ట్జ్, అంటే ఒక్క కంపనానికి 24 మిల్లీసెకన్లు. తీగ కుదురుకునేలోపు పది కంపనాలు తడబడితే పావు సెకను పోయినట్టే. వయొలిన్ పై తీగ పది కంపనాలు తడబడినా ఎవరికీ తెలియదు, బేస్ తడబడితే ఆర్కెస్ట్రా మొత్తం ముందు వెళ్లిపోతుంది.

పాతకాలం వాళ్లు ఈ గొడవను రకరకాలుగా తప్పించుకున్నారు. ఒకటి, ఆ తీగే లేకుండా చేయడం. బేస్ విద్వాంసులు డ్రాగొనెట్టి, ఆయన తర్వాతి తరంలో బొటెసినీ వాయించినవి మూడు తీగల బేస్‌లు, వాటికి ఇ లేదు. రెండోది, తాడు పేనినట్టు పేనడం. ఒకే లావుపాటి తీగకు బదులు సన్నటి పోగులు విడివిడిగా పురి ఎక్కించి, వాటిని కలిపి మళ్లీ పేనితే తీగ అంతే లావున్నా మెత్తగా వంగుతుంది. మూడోది, పేగు మీద లోహపు తీగ చుట్టడం. 1664 నాటికే ఇంగ్లండ్‌లో ఇది కొత్త కనిపెట్టుగా ప్రకటనలకెక్కింది. రాగి, వెండి లాంటివి బరువు కాబట్టి చుట్టిన ఇ తీగ మొత్తం మందం మూడు, మూడున్నర మి.మీ. దగ్గర ఆగిపోతుంది, బరువు మాత్రం సరిపోతుంది. ఇవాళ కమాను వాయించేవాళ్లు చేరుకునే మామూలు మజిలీ కూడా ఇదే. జి, డి వట్టి గట్, ఎ, ఇ చుట్టిన గట్. తీగల తయారీదారు పిరాస్ట్రో వాళ్ల కోర్డా ఈ పద్ధతిలో వచ్చిన రకమే. ఇటలీలో అక్విలా, టోరో, అమెరికాలో గాముట్ లాంటివాళ్లు మందం చెబితే దానికి తగ్గట్టు విడి తీగలు కూడా ఇస్తారు.

అసలు తలనొప్పి ఈ మామూలు పద్ధతిలోనే ఒక చోట దాక్కుని ఉంటుంది. డి నుంచి ఎకి మారే చోట. డి వట్టి పేగు, కాస్త గరుకు, మొదలవగానే 'చ్' అని ఒక హల్లు పలికినట్టు ఉంటుంది, తర్వాత గొంతు వెడల్పుగా తెరుచుకుంటుంది. ఎ మీద లోహపు చుట్టు ఉంది, నున్నగా ఉంటుంది, మొదలు మెత్తగా, నాదం కొంచెం గుండ్రంగా, పైస్వరాలు ఎక్కువ సేపు నిలుస్తాయి. నెమ్మదైన రాగంలో డి నుంచి ఎకి దిగితే వేరే మనిషి పాట అందుకున్నట్టు ఉంటుంది. మీటేవాళ్లకు రెండు తీగల మధ్య ఈ గీత పెద్దగా పట్టదు, కమాను దాన్ని భూతద్దంలో చూపిస్తుంది. దీనికి మూడు దారులున్నాయి, మూడూ రాజీలే. ఎ కూడా వట్టి గట్ వేసి గీతను ఎకి, ఇకి మధ్యకు నెట్టేయడం ఒకటి. దీనికి పేనిన రకమో బాగా పురి ఎక్కిన మెత్తటి రకమో కావాలి, నాలుగు మి.మీ.కి దగ్గరపడే ఆ లావు ఎడమ చేతికి అలవాటు కావాలి. ఎ మీద లోహాన్ని సందులు వదిలి చుట్టిన రకం వేయడం రెండోది. సందుల్లోంచి పేగు కమానుకు తగులుతుంది కాబట్టి స్వభావం రెండింటికీ మధ్యలో ఉంటుంది, 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఇలాంటివి బాగా వాడారు. మూడోది తిరగేసిన దారి, నాలుగూ చుట్టినవే వేయడం. పిరాస్ట్రో యూడోక్సా, ఒలివ్ పేర్లు వినిపించేది ఇక్కడే. గీత పోతుంది, దాంతో పాటు వట్టి గట్ మొదట్లో ఇచ్చే ఆ హల్లు కూడా పోతుంది. ప్రాచీన సంగీతం వాయించేవాళ్లకు మొదటి రెండు దారులూ, రొమాంటిక్ కాలపు ఆర్కెస్ట్రా వాయించేవాళ్లకు మూడోదీ నప్పుతాయనిపిస్తుంది. అయితే ఇది చేతి మీద, బేస్ మీద ఆధారపడే సంగతి కూడా.

కింద స్టీలు ఉంచేసి పైన మాత్రం గట్ వేసుకోవడం చాలామంది మొదట చేసే పని. ఖర్చు తగ్గుతుందని, ఇ గొడవ ఉండదని. మీటడానికి పర్వాలేదు. కమానుతో అయితే 21 కిలోల తీగ పక్కన 29 కిలోల తీగ, అంటే తీగ మారిన ప్రతిసారీ చేతి బరువు మార్చాలి. ఎ మీద సరిపోయిన ఒత్తిడి డి మీద నలగ్గొడుతుంది, డి మీద సరిపోయింది ఎ మీద పైపైన తేలిపోతుంది. అర్పెజియోలో (స్వరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చే చోట) ఒకే విల్లు (కమాను) లాగులో నాలుగు తీగలు దాటాల్సి వస్తే చేయి అయోమయంలో పడుతుంది. కింద లోహం తప్పదనుకుంటే స్టీలుకు బదులు సింథటిక్ కోర్ ఉన్నవి, వాటిలోనూ తక్కువ టెన్షన్‌వి చూసుకోవడం నయం. నాలుగు తీగల టెన్షన్లు ఒకదానికొకటి రెండు మూడు కిలోల తేడాలో ఉంటే చేయి సర్దుకుంటుంది. వరస నున్నగా ఉండాలి గానీ అంకెలు అచ్చంగా సమానమే కావాలని లేదు. కింది తీగ కాస్త తక్కువ బిగిలో ఉంటే త్వరగా పలుకుతుందని, పై తీగ కాస్త ఎక్కువ బిగిలో ఉంటే ముందుకు వినిపిస్తుందని చాలామంది ఇష్టపడతారు.

శ్రుతి మారితే లెక్కంతా మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 440 హెర్ట్జ్ శ్రుతికి (ఎ స్వరానికి ఇప్పుడు వాడే కొలత) కొన్న తీగను బరోక్ (17, 18వ శతాబ్దాల సంగీతం) శ్రుతి 415కి దించితే టెన్షన్ 11 శాతం పడిపోతుంది, 21 కాస్తా 18.7 కిలోలు. అదే తీగను సోలో శ్రుతికి, అంటే ఒక పూర్తి స్వరం పైకి లాగితే 26 శాతం పెరిగి 26 కిలోలు దాటుతుంది. పేగు తెగుతుందని భయపడక్కర్లేదు, బేస్ పొడవులో, ఈ శ్రుతుల్లో గట్ తెగే హద్దుకు చాలా దూరంలో ఉంటుంది. వయొలిన్ పై తీగకు ఉన్న ఆ ప్రాణగండం దీనికి లేదు. లావు పెంచినా తగ్గించినా తెగే శ్రుతి పెద్దగా మారదు కూడా. మారేది చేతికి తెలిసే బిగి, కమాను కింద పలుకు. రెండు శ్రుతుల్లో వాయించేవాళ్లు ఒకే సెట్‌తో నెట్టుకురావాలనుకుంటే మధ్య మందం ఎంచుకోవచ్చు, కాకపోతే రెండు చోట్లా అరకొర సుఖమే. సంగీతకర్తలు డిట్టర్స్‌డోర్ఫ్, వాన్‌హల్ కాలపు వియన్నా శ్రుతికి వెళ్లేవాళ్లయితే పొరపాటున కూడా మామూలు సెట్ కొనకూడదు. అక్కడ తీగల మధ్య దూరాలు అన్నీ నాలుగో స్వరాలు (మామూలు బేస్‌లో తీగకూ తీగకూ మధ్య ఉండే అంతరం) కావు, కిందినుంచి ఎఫ్, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, అందుకని ప్రతి తీగకు విడిగా మందం లెక్కగట్టించాలి.

వట్టి గట్‌లో వార్నిష్ వేసినది, వేయనిది అని రెండు రకాలొస్తాయి. వార్నిష్ ఉన్నది చెమటను, తేమను కొంచెం ఆపుతుంది, వేళ్లకు నున్నగా ఉంటుంది, కానీ కమాను తగిలే చోట మొదటి కొన్ని రోజులు రోజిన్ సరిగా పట్టక జారుతుంది, ఆ తర్వాత అక్కడి వార్నిష్ ఎలాగూ అరిగిపోతుంది. వేయనిది మొదటి రోజు నుంచే కమానుకు పట్టు ఇస్తుంది, పోగులు లేవడం కూడా త్వరగానే మొదలవుతుంది. కమానుకైతే వార్నిష్ లేనిదే నయం, చేతులకు ఎక్కువ చెమట పట్టేవాళ్లు తప్ప.

తీగ చేతికి రాగానే చూడాల్సింది దాని నిజాయితీ. గట్ అంటే గొర్రె, పశువుల పేగుల పొరల్ని తడిగా ఉండగానే పురి ఎక్కించి, బిగించి ఆరబెట్టి, పైన సానబట్టి చేసింది. క్యాట్‌గట్ అన్న మాటలో పిల్లి ఉన్నా తీగలో పిల్లి లేదు. సానబట్టినా ఎక్కడో ఒక చోట లావు, ఇంకో చోట సన్నం ఉండే అవకాశం ఉంటుంది, అలాంటి తీగ మీద పై స్థానాల్లో ఎంత సరిగ్గా వేలు పెట్టినా అపస్వరమే. పరీక్ష పాతకాలపుది, ల్యూట్ (పాత యూరోపియన్ తంత్రీవాద్యం) వాళ్లు చేసేదే. తీగను రెండు చేతులతో అటూ ఇటూ పట్టి బిగించి బొటనవేలితో మీటి, వెలుతురుకు ఎదురుగా చూడాలి. రెండు అంచులు స్పష్టంగా, మధ్యలో పలచటి పొరలా ఊగితే మంచి తీగ. మూడో గీత ఏదో మెలికలు తిరుగుతూ కనిపిస్తే అనుమానించాలి. బేస్ మీద ఎక్కించాకైతే ఇంకా సులువు. సరిగ్గా నడిమధ్యన తేలికగా తాకి వచ్చే హార్మోనిక్‌ను, అక్కడే గట్టిగా నొక్కి వచ్చే స్వరంతో పోల్చాలి. ఆ రెండూ బాగా దూరంగా ఉంటే, బ్రిడ్జ్ సరైన చోట ఉండి కూడా, తీగ అబద్ధమాడుతోందని అర్థం.

ఎక్కించడం దగ్గర ఒక్కసారి పనివాడి దగ్గరకు వెళ్లక తప్పదు. గట్ స్టీలుకంటే బాగా లావు, నట్ మీద, బ్రిడ్జ్ మీద గాళ్లు వెడల్పు చేయకపోతే తీగ వాటిలో ఇరుక్కుని శ్రుతి చేసేటప్పుడు టిక్ టిక్‌మని ఎగిరెగిరి కదులుతుంది, ఆ ఇరుకులోనే పోగులు తెగుతాయి. వెడల్పు చేశాక పెన్సిల్ ముల్లు గాళ్లలో రుద్దితే సాఫీగా జారుతుంది. తీగ చుట్టుకునే మెషీన్ రోలరు రంధ్రంలో తీగ కొస దూరదు, కొన్నిసార్లు దాన్నీ పెద్దది చేయించాలి. వెడల్పు చేసిన గాళ్లలో మళ్లీ స్టీలు వేస్తే వదులుగా కొట్టుకుంటాయి కాబట్టి, ఎటూ తేల్చుకోనివాళ్లు గట్ కోసం రెండో బ్రిడ్జ్ చేయించుకోవడమే మంచిది. ఎత్తు కూడా పెంచాలి. తక్కువ బిగిలో ఉన్న తీగ ఎక్కువ వెడల్పుగా ఊగుతుంది, స్టీలు ఎత్తులోనే ఉంచితే కాస్త గట్టిగా లాగగానే ఫింగర్‌బోర్డ్‌కు తగిలి చిటపటలాడుతుంది.

ఇక కుడిచేయి. స్టీలు నుంచి వచ్చినవాళ్లు అందరూ మొదటి వారం ఒకటే తప్పు చేస్తారు, శబ్దం రాలేదని నొక్కుతారు. నొక్కితే నాదం నలుగుతుంది, శ్రుతి కిందికి జారుతుంది, ఇంకా నొక్కుతారు. చేయాల్సింది దానికి తిరగబడి ఉంటుంది, మొదట్లో తీగను వెంట్రుకలతో ఒక్క క్షణం పట్టుకుని వదిలేసి, వెంటనే బరువు తీసేసి విల్లు వేగం పెంచడం. ఇ తీగ మీద ఇది మరీ ముఖ్యం. లోపలి నుంచే కంపనాన్ని తాగేసే స్వభావం గట్‌కు ఉంది కాబట్టి విల్లు ఆగగానే స్వరం కూడా ఆగుతుంది, స్టీలులా మోగుతూ ఉండదు. చిన్న స్వరాల మధ్య ఖాళీలు వాటంతట అవే వస్తాయి. బరోక్ బాస్ లైన్లు గట్ మీద నడిచినంత హాయిగా స్టీలు మీద నడవకపోవడానికి కారణం ఎక్కువ భాగం ఇదే. పొడవైన లెగాటో (స్వరాలు తెగకుండా కలిపి వాయించడం) కావాల్సిన చోట అదే స్వభావం బరువవుతుంది, ఆ మోత అంతా విల్లే మోయాలి.

వాతావరణం సంగతి అందరూ చెప్పేదే. పేగు తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది, శ్రుతి దాంతో కదులుతుంది. కొత్త తీగ సాగడం ఆగడానికి చాలా రోజులు పడుతుంది, కచేరీ ముందు రోజు ఎక్కించేవాళ్లకు ఎవరూ సాయం చేయలేరు. అంతగా ఎవరూ చెప్పనిది చుట్టిన తీగల గురించి. గాలి బాగా పొడిబారితే లోపలి పేగు సన్నబడి లోహపు చుట్టు వదులై బుర్రుమని మోగుతుంది. తీగ పోయిందనుకుని పారేయకుండా గదిలో తేమ పెంచి రెండు రోజులు చూడాలి, చాలాసార్లు మళ్లీ పట్టుకుంటుంది. వట్టి తీగకు కమాను తగలని భాగంలో అప్పుడప్పుడు ఒక్క చుక్క బాదం నూనె గుడ్డతో రాసి తుడిచేయాలి. రోజిన్ పేరుకుంటే పొడి గుడ్డే వాడాలి, స్పిరిట్ మాత్రం వద్దు, పేగును ఎండగడుతుంది. లేచిన పోగును చేత్తో పట్టి లాగితే తీగ పొడవునా చీలుతూ వస్తుంది, గోళ్ల కత్తెరతో మొదట్లోనే కత్తిరించేయాలి. ఇలా చూసుకుంటే బేస్ మీద గట్ ఏళ్ల తరబడి ఉంటుంది, కాబట్టి మొదట్లో స్టీలు సెట్‌కంటే ఎక్కువైన ఖర్చు అంత అన్యాయంగా అనిపించదు.

తీగలకు ఆర్డరు పెట్టేటప్పుడు పేరు చెప్పి ఊరుకుంటే ఏదో ఒకటి వస్తుంది. నట్ నుంచి బ్రిడ్జ్ దాకా కొలిచిన పొడవు, వాయించే శ్రుతి, ఇ తీగ మీద ఎంత బిగి కావాలో, ఎ వట్టిదా చుట్టినదా, ఇవి చెప్పి మిగతా మందాలు వాళ్లనే లెక్కగట్టమనడం మేలు. వచ్చాక పది రోజులు సాగనిచ్చి, అప్పుడు వినాలి. బేస్ పట్టుకున్నవాళ్ల చెవి దగ్గర వట్టి గట్ బుసకొడుతున్నట్టు, గీస్తున్నట్టు ఉంటుంది, చాలామంది ఆ శబ్దానికే బెదిరిపోయి తీగ మార్చేస్తారు. వేరే ఎవరి చేతికైనా కమాను ఇచ్చి గది అవతలి గోడ దగ్గర నిలబడి వింటే ఆ బుస అక్కడిదాకా రాదు. ఆ దూరంలో ఇ తీగ మొదటి క్షణం వినిపిస్తోందా లేదా అన్నదే చూడాలి. వినిపించకపోతే పైన జి ఎంత బాగున్నా ముందు మార్చాల్సింది ఆ ఇ తీగనే.